టీవీలో కనిపించే రక్షణ నిపుణులు ఏ దారిన అక్కడికి వచ్చారు?

విజయనగరంలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "చైనా సరిహద్దు గురించో తైవాన్ గురించో చర్చ పెట్టినప్పుడల్లా టీవీలో 'రక్షణ నిపుణులు' అని కొందర్ని కూర్చోబెడతారు కదా, వాళ్ళు ఏం చదివారు? ఏ ఉద్యోగాలు చేసి అక్కడికి వచ్చారు? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే ఎవర్ని నమ్మాలి? నాకూ ఆ పని చేయాలని ఉంది, కానీ నాది ఫిజిక్స్ కదా. దానికి సైన్యంలో చేరడం తప్పనిసరా?"

నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకమ్మా, మా అమ్మాయి ఈడుదానివి. ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో పదిహేడేళ్ళు ఎడిటింగ్ డెస్క్ మీద పనిచేశాను. రిటైర్డ్ జనరల్స్, మాజీ రాయబారులు, ప్రొఫెసర్లు, జర్నలిస్టులు రాసిన వ్యాసాలు అచ్చుకు వెళ్ళే ముందు నా టేబుల్ మీదికి వచ్చేవి. కొన్నాళ్ళకి ఎంత అలవాటైందంటే, పేరు తీసేసి కాగితం చేతికిచ్చినా రెండు పేజీలు చదివి, రాసింది యూనిఫాం వేసుకున్న మనిషా, ఎంబసీలో పనిచేసిన మనిషా చెప్పేవాణ్ణి. అందుకే నీ ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకటే చెబుతాను. నిపుణుడు ఏం అంటున్నాడో వినే ముందు ఏ పని చేసి వచ్చాడో కనుక్కో. కొన్ని విషయాలు అతనికి మనకంటే బాగా కనిపించేది ఆ పని వల్లే, కొన్ని అసలు కనిపించకుండా పోయేదీ ఆ పని వల్లే.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన కొట్లాట నీకు గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళు 20 మంది చనిపోయారు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుది మన సూర్యాపేట. చదివింది మీ ఊరి పక్కనే ఉన్న కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ వారం మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. ఒక్క ఘటన మీద పది రకాల వాళ్ళు రాస్తున్నారు. అవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అందరూ అడిగిన మొదటి ప్రశ్న, చేతిలో తుపాకులు ఉండి ఎందుకు కాల్చలేదని. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగింది దౌత్యవేత్తలు. 1996లో భారత్, చైనా కుదుర్చుకున్న ఒప్పందంలో ఆరో అధికరణం ప్రకారం వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ కాల్పులు జరపకూడదు. దానికి పునాది 1993 నాటి ఒప్పందం. ఆ 1993 చర్చల్లో పాల్గొన్న అధికారి శివశంకర్ మీనన్. తర్వాత ఆయన బీజింగ్‌లో రాయబారి, విదేశాంగ కార్యదర్శి, 2010 నుంచి 2014 దాకా జాతీయ భద్రతా సలహాదారు. ఒప్పందంలో ప్రతి మాటా ఎందుకలా పడిందో ఇలాంటివాళ్ళకి తెలుసు. అలాంటిదే విజయ్ గోఖలే సంగతి. చైనీస్ బాగా వచ్చిన మనిషి. 1989లో తియానన్మెన్ చౌరస్తాలో విద్యార్థుల మీదికి సైన్యం వచ్చినప్పుడు బీజింగ్ ఎంబసీలో చిన్న అధికారిగా ఉన్నారు, 2018లో విదేశాంగ కార్యదర్శి అయ్యారు. చైనావాళ్ళు చర్చల బల్ల దగ్గర ఎలా కూర్చుంటారో, ఎక్కడ మౌనంగా ఉండిపోతారో ఇలాంటివాళ్ళు చెబితేనే వినాలి.

సైన్యం నుంచి వచ్చినవాళ్ళ చూపు వేరే చోట పడింది. లెఫ్టినెంట్ జనరల్ హెచ్.ఎస్. పనాగ్, లెఫ్టినెంట్ జనరల్ డి.ఎస్. హుడా ఇద్దరూ ఉత్తర కమాండ్‌ని నడిపినవాళ్ళు. లద్దాఖ్ అప్పట్లో వాళ్ళ చేతికింద ఉన్న నేల. వాళ్ళకి ఒప్పందం కన్నా ముందు దర్బుక్ నుంచి ష్యోక్ మీదుగా దౌలత్ బేగ్ ఓల్డీ వెళ్ళే 255 కిలోమీటర్ల రోడ్డు కనిపిస్తుంది. దాని మీద చూపు పడే ఎత్తు ఎవరి చేతిలో ఉంది, చలికాలంలో అక్కడ ఎంతమందిని నిలబెట్టగలం అన్నవి వాళ్ళ ప్రశ్నలు.

ఇంకొకరికి ఆకాశం నుంచి కనిపించింది. సైన్యంలో ఉపగ్రహ చిత్రాలు చదివే పని చేసి రిటైరైన కల్నల్ వినాయక్ భట్, ఆస్ట్రేలియాలో ఒక యువ పరిశోధకుడు నాథన్ రూజర్, డబ్బు కడితే ఎవరికైనా దొరికే ఉపగ్రహ చిత్రాల మీద గుడారాలు, కొత్త బాటలు లెక్కపెట్టి చూపించారు. చరిత్రకారులేమో 1962 జులై దగ్గరికి తీసుకెళ్ళారు. అప్పుడు కూడా ఇదే గల్వాన్‌లో మన పోస్టుని చైనా సైన్యం చుట్టుముట్టింది. రిటైర్డ్ కల్నల్ అజయ్ శుక్లా, సుశాంత్ సింగ్ లాంటి జర్నలిస్టులు సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు కాబట్టి, ప్రభుత్వం నోరు విప్పకముందే కొన్ని విషయాలు బయటికి తెచ్చారు.

వీళ్ళలో అబద్ధం చెప్పిందెవరు అని వెతక్కు. ఒకే కొండని పది గుమ్మాల నుంచి చూశారు. టీవీలో వచ్చే చిక్కేమిటంటే ఈ పదిమందినీ ఒకే పేరుతో, 'రక్షణ నిపుణుడు' అని పరిచయం చేస్తారు. రోడ్డు గురించి మాట్లాడాల్సిన మనిషిని చైనా కమ్యూనిస్టు పార్టీ లోపలి రాజకీయాల గురించి అడుగుతారు. ఆయన మర్యాదకి ఏదో ఒకటి చెబుతారు.

మా టేబుల్ దగ్గర జరిగినవి రెండు చెబుతాను.

ఒక ప్రొఫెసర్ చాలా కష్టపడి రాసిన వ్యాసం వచ్చింది. సరిహద్దులో ఏదైనా జరిగితే మైదానాల నుంచి అదనపు బలగాలు మూడు రోజుల్లో పైకి చేరతాయని అందులో ఉంది. విమానాలు, లారీలు, దూరాలు అన్నీ లెక్కేశారు. టీ తాగడానికి మా గదిలోకి వచ్చిన ఒక రిటైర్డ్ బ్రిగేడియర్ ఆ ప్రింట్ చూసి పెన్సిల్ అడిగారు. అంచున మూడు అంకెలు రాశారు: 6, 4, 4. కింద నుంచి వచ్చిన సైనికుడు 9 వేల అడుగులు దాటాక మొదటి మజిలీలో ఆరు రోజులు, 12 వేలు దాటాక నాలుగు రోజులు, 15 వేలు దాటాక మరో నాలుగు రోజులు ఒళ్ళు ఆ గాలికి అలవాటు చేసుకోవాలి. అలా చేయకుండా పంపితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి పోతాడు. "మూడు రోజుల్లో చేరతారు, యుద్ధం చేయడానికి కాదు, ఆసుపత్రికి" అన్నారు ఆయన. నవ్వుతూ అనలేదు. అలా పోయినవాళ్ళని ఆయన చూశారట. ప్రొఫెసర్ ఆ భాగమంతా తిరగరాశారు.

రెండోది దీనికి తలకిందులు. ఒక సీనియర్ అధికారి తన వ్యాసంలో చైనా పత్రికలో వచ్చిన ఒక ఘాటైన వాక్యం పెట్టి, ఇది చైనా ప్రభుత్వం ఇచ్చిన హెచ్చరిక అని రాశారు. ఆయన చూసింది ఇంగ్లిష్ వార్తా సంస్థ ఇచ్చిన అనువాదం. మా దగ్గర అప్పుడే చేరిన అమ్మాయి ఒకరు చైనీస్ మూలం తీసి చూశారు. అది ఆ పత్రిక సంపాదకీయం కాదు, ఒక వ్యాసకర్త తన పేరుతో రాసుకున్న సొంత అభిప్రాయం. చైనాలో పార్టీ పత్రిక సంపాదకీయానికీ, లోపలి పేజీల్లో వచ్చే వ్యాసానికీ చాలా తేడా ఉంటుంది. ముప్పై ఐదేళ్ళ సర్వీసు ఉన్న మనిషి పొరబడ్డ చోట ఇరవై నాలుగేళ్ళ పిల్ల సరిచేసింది. ఆమె చేతిలో ఉన్నది భాష. దీన్ని మర్చిపోకు, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మన దేశంలో ఈ రంగానికి నడక నేర్పింది కె. సుబ్రహ్మణ్యం. మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. 1951 బ్యాచ్ ఐఏఎస్. 1962 యుద్ధం తర్వాతి ఏళ్ళలో రక్షణ శాఖలో పనిచేశారు. దెబ్బ తిన్నాక ఫైళ్ళు ఎలా కదిలాయో లోపలి నుంచి చూసిన మనిషి. 1965లో పెట్టిన రక్షణ అధ్యయనాల సంస్థ ఐడీఎస్ఏకి 1968లో డైరెక్టర్ అయ్యారు, 1980లో మళ్ళీ వచ్చారు. ఇప్పుడు ఆ సంస్థకి మనోహర్ పారికర్ పేరు పెట్టారు. ఒక్క రోజు కూడా యూనిఫాం వేసుకోని మనిషి అణు విధానం గురించి మాట్లాడితే సైనికాధికారులు కూడా కూర్చుని వినాల్సి వచ్చేది. 1999 ఆగస్టులో బయటికి వచ్చిన అణు విధానం ముసాయిదా తయారుచేసిన సలహా మండలికి అధ్యక్షుడు ఆయనే. పద్మభూషణ్ ఇస్తామంటే, ప్రభుత్వోద్యోగులు, జర్నలిస్టులు ఇలాంటివి తీసుకోకూడదని కాదన్నారు. ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్ ఆయన కొడుకే. ఆయనదీ డిగ్రీలో కెమిస్ట్రీ, తర్వాత జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ, విదేశాంగ సర్వీసు ఐఎఫ్ఎస్.

కార్గిల్ యుద్ధం అయిపోయాక 1999 జులైలో ప్రభుత్వం ఒక సమీక్షా సంఘం వేసింది. నలుగురు సభ్యులు. అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం, ఐఏఎస్ నుంచి. లెఫ్టినెంట్ జనరల్ కె.కె. హజారీ, సైన్యం నుంచి. బి.జి. వర్గీస్, పెద్ద పత్రికలకి సంపాదకుడిగా పనిచేసిన జర్నలిస్టు. సతీష్ చంద్ర, విదేశాంగ సర్వీసు నుంచి. ఈ నాలుగు పేర్లూ రాసుకుని గోడకి అంటించుకోమని నేను కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాణ్ణి. గూఢచార సంస్థలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని, రక్షణ శాఖకీ సైన్యానికీ మధ్య దూరం ఉందని ఆ నివేదిక మొహమాటం లేకుండా రాసింది. సైనికాధికారి ఒక్కడే రాస్తే సివిల్ అధికారుల మీద నెపం వేసేవాడేమో. సివిల్ అధికారి ఒక్కడే రాస్తే సైన్యం మీద వేసేవాడేమో. నలుగురు నాలుగు చోట్ల నుంచి రావడం వల్లే ఆ నివేదికకి బరువు వచ్చిందని నా నమ్మకం. దాని తర్వాత మంత్రుల బృందం కూర్చుంది, త్రిదళాధిపతి పదవి కావాలని 2001లో సిఫార్సు చేసింది. ఆ పదవిలోకి మొదటి మనిషి వచ్చేసరికి 2020 జనవరి అయింది. ఈ రంగంలో పనిచేసేవాళ్ళకి ఎంత ఓపిక కావాలో దీన్నిబట్టి చూసుకో.

ఇక నీ అసలు ప్రశ్న, సైన్యంలో చేరాలా అని. చేరితే చాలా మంచిదే. 2022లో జాతీయ రక్షణ అకాడమీలో అమ్మాయిల మొదటి బ్యాచ్ అడుగుపెట్టింది. నీకు డిగ్రీ అయిపోతుంది కాబట్టి నీ దారి వేరు, త్రివిధ దళాల అధికారుల ఎంపికకి పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్ళొచ్చు. కానీ నిపుణురాలివి కావడం కోసమని మాత్రం చేరకు. సైన్యం అన్నది పూర్తిగా ఇష్టపడి చేయాల్సిన ఉద్యోగం.

సైన్యం నుంచి బయటికి వచ్చి పరిశోధనలో పేరు తెచ్చుకున్నవాళ్ళని చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. శ్రీనాథ్ రాఘవన్ డిగ్రీలో ఫిజిక్స్ చదివి, ఆరేళ్ళు పదాతిదళంలో అధికారిగా ఉండి, లండన్ కింగ్స్ కాలేజీలో పీహెచ్‌డీ చేశారు. 1971 యుద్ధం మీద, రెండో ప్రపంచ యుద్ధంలో భారత్ మీద ఆయన చేసిన పని ఎంతో గట్టిది. అనిత్ ముఖర్జీ మేజర్‌గా బయటికి వచ్చి అమెరికాలో పీహెచ్‌డీ చేసి, సింగపూర్‌లో రాజరత్నం స్కూల్ అనే అంతర్జాతీయ అధ్యయనాల సంస్థలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పారు. మన రాజకీయ నాయకులకీ సైన్యానికీ మధ్య మాటలు ఎందుకు సాగవన్నది ఆయన సబ్జెక్టు. ఇద్దరూ యూనిఫాం విప్పాక మళ్ళీ విద్యార్థులై, దస్తావేజుల ముందు కూర్చున్నారు. అనుభవం ఉందని అక్కడితో ఆగిపోలేదు. మా టేబుల్ మీదికి వచ్చిన వ్యాసాల్లో నిలబడినవన్నీ దాదాపు ఇలాంటివాళ్ళవే. ఒక గదిలో పని నేర్చుకుని, ఇంకో గదిలోకి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్ళు.

ఇప్పుడు నీకు బాగా దగ్గరి మనిషి గురించి చెబుతాను. సి. రాజామోహన్ ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో మాస్టర్స్ చేశారు. నీకు కనుచూపు మేరలో ఉన్న యూనివర్సిటీ. అక్కడి నుంచి జేఎన్‌యూకి వెళ్ళి అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేశారు, ఐడీఎస్ఏలో పరిశోధన, తర్వాత పత్రికల్లో వాషింగ్టన్ నుంచి రిపోర్టింగ్, కాలమ్స్. కార్నెగీ అనే అమెరికా పరిశోధన సంస్థ ఢిల్లీలో పెట్టిన కేంద్రానికి మొదటి డైరెక్టర్, ఆ తర్వాత సింగపూర్‌లో దక్షిణాసియా అధ్యయన సంస్థకి డైరెక్టర్. అణు ఒప్పందాల గురించి రాసేటప్పుడు సైన్సు చదివిన మనిషికి రియాక్టర్ అంటే ఏమిటో, శుద్ధి చేసిన యురేనియం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి "నాది ఫిజిక్స్ కదా" అని నువ్వు రాసిన ఆ వాక్యంలోని బెరుకు తీసెయ్. అమెరికాలో విపిన్ నారంగ్ అని ఉన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజినీరింగ్, హార్వర్డ్‌లో రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ, ఎమ్ఐటీలో ప్రొఫెసర్. భారత్, పాకిస్తాన్ అణు వ్యూహాల మీద రాసి, 2022 నుంచి 2024 దాకా అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో పనిచేశారు.

అమెరికా పద్ధతి మనకన్నా వేరు. అక్కడ ప్రభుత్వం మారితే నిపుణులు బయటికొచ్చి యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో కూర్చుంటారు. తమ పార్టీ గెలిస్తే మళ్ళీ లోపలికి వెళ్తారు. కర్ట్ క్యాంప్‌బెల్ హార్వర్డ్‌లో పాఠాలు చెప్పి, 90ల్లో పెంటగాన్‌లో ఆసియా వ్యవహారాలు చూసి, బయటికొచ్చి 2007లో ఒక పరిశోధన సంస్థ పెట్టి, ఒబామా హయాంలో విదేశాంగ శాఖకి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి కన్సల్టెన్సీ కంపెనీ పెట్టి, బైడెన్ హయాంలో మళ్ళీ లోపలికి వెళ్ళారు. మైకేల్ గ్రీన్ అయితే జపాన్‌లో ఐదేళ్ళకు పైగా ఉండి, అక్కడి పార్లమెంటు సిబ్బందిలో పనిచేసి, భాష వంటబట్టాక వైట్‌హౌస్‌కి వెళ్ళారు. దీనివల్ల పుస్తకం రాసినవాడికి ఫైలు చూసే అవకాశం వస్తుంది, అది నిజంగా మంచిది. మన దగ్గర ఆ తలుపు చాలా వరకు మూసే ఉంటుంది. రాజేశ్వరి పిళ్ళై రాజగోపాలన్ జాతీయ భద్రతా మండలి సచివాలయంలో పనిచేసి పరిశోధనలోకి వచ్చి, అంతరిక్ష భద్రత మీద గట్టి పేరు తెచ్చుకున్నారు. అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కానీ అమెరికా పద్ధతిలో చెడు కూడా ఉంది. రేపు పదవి కావాలనుకునేవాడు ఇవాళ తన పార్టీకి ఇబ్బంది కలిగే మాట రాయడానికి వెనకాడతాడు. సంస్థకి డబ్బు ఎవరిస్తున్నారో, ఆయుధ కంపెనీలు ఇస్తున్నాయేమో కూడా చూడాలి. మంచి సంస్థలు దాతల పేర్లు తమ వెబ్‌సైట్‌లో పెడతాయి, వెతికి చదువు.

చైనా నిపుణుల మాట వినేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్కడి పెద్ద పరిశోధన సంస్థలు ఏదో ఒక ప్రభుత్వ విభాగం కిందో, సైన్యం కిందో ఉంటాయి. వాళ్ళు చెప్పేది పనికిరాదని కాదు, ఆ మాటలో ప్రభుత్వం ఏం వినిపించాలనుకుంటోందో అది వెతుక్కోవాలి.

టీవీకి రాని నిపుణులు కూడా ఉన్నారు. నాకు వాళ్ళంటే ఎక్కువ గౌరవం. 2025-26లో మన రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలు. అందులో కొత్త ఆయుధాలు, పరికరాలు, నిర్మాణాలకి వెళ్ళేది 1.80 లక్షల కోట్లు, పింఛన్లకే 1.60 లక్షల కోట్లు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, టీవీలో అరుచుకునే సగం చర్చ అక్కర్లేదని అర్థమవుతుంది. ఈ పద్దులు చదివి చెప్పేవాళ్ళు ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు, రక్షణ ఖాతాల సర్వీసులో పనిచేసి వచ్చినవాళ్ళు. అలా వచ్చినవాళ్ళలో అమిత్ కౌశిష్ ఒకరు, రక్షణ శాఖలో కొనుగోళ్ళకి ఆర్థిక సలహాదారుగా ఉన్నారు. ఒక యుద్ధవిమానం కొనడానికి ఏళ్ళు ఎందుకు పడుతుందో ఆయన రాసింది చదివితే మనకి కోపం రావాల్సిన చోటు మారుతుంది.

ఎవర్ని నమ్మాలని అడిగావు కదా. నేను చూసేవి కొన్ని చెబుతాను. రిటైరై ఎన్నేళ్ళయింది? డ్రోన్లు వచ్చాక యుద్ధం మారిపోయింది, పదిహేనేళ్ళ కిందట దిగిపోయిన మనిషి ఆ తర్వాత ఏం చదువుతున్నాడో తెలియాలి. ఎక్కడ పనిచేశాడు? జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదంతో పోరాడినవాడికి దక్షిణ చైనా సముద్రం గురించి తెలియాలని ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, "అది నా విషయం కాదు, ఫలానావారిని అడగండి" అని ఎప్పుడైనా అన్నాడా? పదిహేడేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళ వ్యాసాలే నేను అతి తక్కువ దిద్దాను.

నువ్వేం చేయాలో చెబుతాను. ముందు ఒక భాష. చైనీస్ అయితే ఎక్కువ అవసరం, కష్టం కూడా ఎక్కువే, చదివి అర్థం చేసుకునే స్థాయికి కొన్నేళ్ళు పడుతుంది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. జేఎన్‌యూలో ఎమ్మే అంతర్జాతీయ సంబంధాలకి కూడా సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయి. బీఎస్సీవాళ్ళు రాయొచ్చు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాలకి ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉందని మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు, దాని సంగతి కూడా కనుక్కో. రక్షణ మీద పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. నెలకి ఒకటి చదువు. డబ్బు విషయంలో నిజం చెప్పాలి. మొదటి నాలుగైదేళ్ళు జీతం తక్కువ, కాంట్రాక్టు ఉద్యోగాలు, ఏడాదికోసారి పొడిగిస్తారో లేదో అన్న టెన్షన్. ఇంట్లోవాళ్ళతో ఇది ముందే మాట్లాడుకో.

రెండోది, చిన్న మడి ఒకటి ఎంచుకో. "ఆసియా భద్రత" అని ఎవరూ చదవలేరు. నువ్వున్నది విజయనగరంలో. గంటన్నర దూరంలో విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్ ఉంది. నౌకాదళం చాలా దేశాల ఓడల్ని పిలిచి చేసే మిలన్ విన్యాసాలు 2022లోనూ 2024లోనూ అక్కడే జరిగాయి. బంగాళాఖాతం నీ మడి చేసుకో. ఆ రెండు విన్యాసాలకీ ఏ దేశం ఓడ పంపింది, ఏ దేశం మనుషుల్నే పంపింది, ఎవరు అసలు రాలేదు, నౌకాదళం విడుదల చేసిన ప్రకటనలు, ఆనాటి పత్రికలు చూసి ఒక పట్టిక వేయి. రెండేళ్ళ మధ్య ఏం మారిందో పక్కన నాలుగు పేజీలు రాయి. తెలుగులో రాసినా పర్వాలేదు. నాకు పంపు, ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదువుతాను.